కెమెరా కేబుల్ పక్కన పెట్టేయండి: ట్రాన్సెండ్ ఆర్‌డీఎఫ్5 కార్డ్ రీడర్ వాడాక నా అభిప్రాయం

కెమెరాకి కేబుల్ గుచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ పచ్చ గీత ఎప్పుడు నిండుతుందా అని ఎదురుచూసేవాళ్ళ కోసం రాస్తున్నాను ఇది. ముందే చెప్పేస్తా, ఈ రీడర్ (కెమెరాలోంచి తీసిన మెమరీ కార్డుని నేరుగా కంప్యూటర్‌కి కలిపే చిన్న పరికరం) కొనుక్కోవచ్చు, డబ్బు దండగ కాదు. కాకపోతే కొనేముందు మీ కంప్యూటర్‌కి ఏ పోర్టు ఉందో ఒకసారి చూసుకోండి. అది చూడకుండా కొని, "ఏముంది దీంట్లో, నా పాత కేబుల్ స్పీడే వస్తోంది" అని ఒక్క స్టార్ ఇచ్చేవాళ్ళని చాలామందిని చూశాను. తప్పు రీడర్‌ది కాదు.

నా అవసరం ఏంటో చెప్తే మీకు పనికొస్తుందో లేదో తెలుస్తుంది. మాది గుంటూరు. చేతిలో ఉన్నది నికాన్ డీ5600, దానికి 70-300 లెన్సు. చలికాలం వచ్చిందంటే ఆదివారం పొద్దున్నే ఉప్పలపాడు చెరువు దగ్గర ఉంటాను. గూడబాతు తుమ్మచెట్టు మీద దిగే ఆ రెండు మూడు సెకన్లలో షట్టర్ మీద వేలు తీయబుద్ధి కాదు, ఈ కెమెరా సెకనుకి 5 ఫొటోలు తీస్తుంది, అన్నీ రా ఫార్మాట్లో (కెమెరా పట్టిన వివరాలన్నీ అలాగే ఉంచే పెద్ద ఫైళ్ళు), ఒక్కోటి ఇరవై ఎంబీ పైమాటే. ఇంటికొచ్చేసరికి 32 జీబీ కార్డు దాదాపు నిండిపోయి ఉంటుంది. అందులో నూటికి తొంభై పారేయాల్సినవే అనుకోండి, కానీ ఏది పారేయాలో తేల్చాలన్నా ముందు పెద్ద స్క్రీన్ మీద చూడాలిగా. పెళ్ళిళ్ళు తీసేవాళ్ళ బాధ నాకంటే ఎక్కువే. తెల్లవారుజామున ముహూర్తం అయిపోయాక రెండు కార్డులు ఖాళీ చేసి మళ్ళీ రిసెప్షన్‌కి పరిగెత్తాలి వాళ్ళు.

కేబుల్ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. డీ5600కి ఉండేది మైక్రో యూఎస్‌బీ, అంటే పాత ఆండ్రాయిడ్ ఫోన్ల ఛార్జర్ పిన్నే. లోపల వేగం యూఎస్‌బీ 2.0. కాగితం మీద సెకనుకి 480 మెగాబిట్లు (ఎనిమిది బిట్లు ఒక బైటు, అంటే 60 ఎంబీ), చేతికొచ్చేది 30 నుంచి 40 ఎంబీ, అదీ అన్నీ బాగుంటే. 32 జీబీ కార్డు నిండా ఉంటే పదిహేను నుంచి ఇరవై నిమిషాలు. ఈ ఇరవై నిమిషాలూ కెమెరా ఆన్‌లోనే ఉండాలి, దాని బ్యాటరీ కరుగుతూ ఉండాలి, ఎందుకంటే ఈ మోడల్ యూఎస్‌బీ నుంచి ఛార్జ్ అవ్వదు. ఉదయమంతా తీసొచ్చిన బ్యాటరీలో మిగిలేది ఒక గీత. మధ్యలో అది కాస్తా అయిపోతే కాపీ ఆగిపోతుంది, ఎన్ని వచ్చాయి, ఎన్ని రాలేదు అని లెక్క చూసుకోవడం ఇంకో తలనొప్పి. పైగా ఇంట్లో దొరికిన ఏదో ఒక ఛార్జర్ కేబుల్ తెచ్చి పెడితే కొన్నిసార్లు కంప్యూటర్‌లో కెమెరా అసలు కనిపించదు. కొన్ని కేబుళ్ళలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. అది తెలియక డ్రైవర్లు తీసేసి మళ్ళీ వేసి, విండోస్‌నే మార్చేసినవాళ్ళు కూడా ఉన్నారు.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. కేబుల్‌తో పెట్టినప్పుడు కెమెరా పెన్‌డ్రైవ్‌లాగా కనిపించదు, దానికి "E", "F" లాంటి డ్రైవ్ అక్షరం రాదు. అది ఎంటీపీ అనే పద్ధతిలో మాట్లాడుతుంది, అంటే ఫైళ్ళని కెమెరా ఒక్కొక్కటిగా తీసి ఇస్తుంది, కంప్యూటర్ నేరుగా కార్డు లోపలికి వెళ్ళలేదు. మామూలు రోజుల్లో పరవాలేదు. పొరపాటున ఫొటోలు డిలీట్ అయినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి, రికవరీ సాఫ్ట్‌వేర్ దేనికీ ఆ కార్డు కనిపించదు. రీడర్‌లో పెడితేనే కనిపిస్తుంది. నా మటుకు నాకు వేగం కంటే ఇదే పెద్ద కారణం.

వైఫై సంగతి అడుగుతారేమో. నికాన్ స్నాప్‌బ్రిడ్జ్ యాప్ ఉంది, బ్లూటూత్ మీద దానంతట అది 2 మెగాపిక్సెల్ ఫొటోలు ఫోన్‌కి పంపుతుంది. వాట్సాప్ స్టేటస్‌కి బ్రహ్మాండంగా సరిపోతుంది. చెరువు గట్టు మీద నుంచే ఫొటో ఇంట్లోవాళ్ళకి పంపాలంటే అదే వాడతాను. రా ఫైళ్ళు మొత్తం కంప్యూటర్‌కి చేర్చడానికి మాత్రం అది మార్గం కాదు.

ఇక రీడర్. మన బొటనవేలు కంటే కాస్త పెద్దది, పెన్‌డ్రైవ్‌లాగే నేరుగా పోర్టులో పెట్టేయడమే, కేబుల్ లేదు. పెద్ద ఎస్‌డీ కార్డుకి ఒక స్లాటు, మైక్రో ఎస్‌డీకి ఇంకొకటి. అంతే. పాతకాలపు రీడర్లలో ఉండే పదహారు రకాల కన్నాలు, ఎవరూ వాడని మెమరీ స్టిక్కులు, అవేవీ లేవు, నాకు అదే నచ్చింది. కార్డు పెట్టాక ఒక చిన్న లైటు వెలుగుతుంది, కాపీ జరుగుతున్నంతసేపూ మిణుకుమంటుంది. డబ్బా మీద యూఎస్‌బీ 3.1 జెన్ 1 అని ఉంటుంది, అది చూసి 3.0 కంటే గొప్పదేమో అనుకోకండి. 3.0కే తర్వాత పెట్టిన పేరది, రెండూ సెకనుకి 5 గిగాబిట్లే. పేర్లు మార్చి మార్చి జనాన్ని గందరగోళం చేయడంలో యూఎస్‌బీ వాళ్ళని మించినవాళ్ళు లేరు. డ్రైవర్ సీడీలు గట్రా ఏమీ అక్కర్లేదు, విండోస్‌లో పెట్టగానే డ్రైవ్‌గా వచ్చేస్తుంది, మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ అంతే.

వేగం దగ్గరికి వద్దాం. నా కార్డు యూహెచ్ఎస్-1 రకం (ఎస్‌డీ కార్డులకి వేగాన్ని బట్టి ఉండే రకాల్లో ఒకటి). ఈ రకానికి ఎస్‌డీ ప్రమాణం ఇచ్చిన గరిష్ఠ వేగం సెకనుకి 104 ఎంబీ. నాకు 3.0 పోర్టులో 85 నుంచి 90 మధ్య నిలకడగా వస్తోంది. అంటే కేబుల్‌తో ఇరవై నిమిషాలు పట్టే కార్డు ఆరేడు నిమిషాల్లో అయిపోతోంది. స్నానం చేసి వచ్చేసరికి అయిపోయి ఉంటుంది, టిఫిన్ తింటూ ఏరుకోవచ్చు.

అదే రీడర్ని మా ఆఫీసు డెస్క్‌టాప్ ముందు వైపు పోర్టులో పెడితే 35 దాటలేదు. పాత క్యాబినెట్లలో ముందు ఉండే పోర్టులు చాలావరకు 2.0వే, వెనక మదర్‌బోర్డుకి ఉండేవి 3.0. కాలవ నిండా నీళ్ళున్నా తూము ఎంతో పొలానికి పారేది అంతే కదా. పోర్టు లోపల నాలుకలా ఉండే ప్లాస్టిక్ ముక్క నీలం రంగులో ఉంటే, లేదా పక్కన ఎస్ఎస్ అనే గుర్తు ఉంటే సాధారణంగా 3.0 అన్నట్టు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో నలుపే ఉంటుంది, అప్పుడు గుర్తు చూడాలి. ఇంకోటి, కాపీ చేసేది పెన్‌డ్రైవ్‌లోకైతే ఆ పెన్‌డ్రైవ్ రాసుకునే వేగమే మీకు దక్కేది, అది పదో పదిహేనో ఉంటే రీడర్ ఏమీ చేయలేదు.

కార్డు మీద అంకెల గురించి కూడా ఒక మాట. శాన్‌డిస్క్ ఎక్స్‌ట్రీమ్ ప్రో కొన్నవాళ్ళు దాని మీద 170 అనో 200 అనో చూసి, ఈ రీడర్‌లో 90 వస్తోందేంటని బాధపడతారు. ఆ 170 అనేది యూహెచ్ఎస్-1 ప్రమాణంలో లేనిది, కంపెనీ తన సొంత పద్ధతిలో సాధించిన వేగం, దానికి తోడు ఆ పద్ధతి తెలిసిన రీడర్ ఉండాలి. చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, మనం చదవం. మామూలు రీడర్‌లో అవి 90 చిల్లరే ఇస్తాయి. మళ్ళీ యూహెచ్ఎస్-2 కార్డులు వేరు, వాటి వెనక రెండో వరస పిన్నులు ఉంటాయి, వాటి గరిష్ఠం 312. ఈ ఆర్‌డీఎఫ్5కి ఆ రెండో వరస అందదు. కార్డు పనిచేస్తుంది గానీ యూహెచ్ఎస్-1 వేగంతోనే. అంత ఖరీదైన కార్డు కొన్నవాళ్ళు దానికి తగ్గ రీడరే కొనుక్కోవాలి.

మా బావమరిది దగ్గర ఒక రీడర్ ఉంది, ఫుట్‌పాత్ మీద నూటయాభైకి కొన్నాడు, దాని మీద పేరు కూడా లేదు. "లోపల నీలం చూడండి సార్, త్రీ పాయింట్ జీరోనే" అని అమ్మాడట. నీలం నిజమే, రంగు వేయడానికి ఏం ఖర్చు. 3.0 ప్లగ్గులో ముందు వరసలో ఉండే నాలుగు పెద్ద పిన్నులు కాకుండా వెనక ఇంకో అయిదు చిన్నవి ఉండాలి, లైటు వేసి చూస్తే దీంట్లో నాలుగే ఉన్నాయి. అదైనా సర్దుకోవచ్చు, అసలు బాధ వేరు. పది నిమిషాలు కాపీ అయ్యేసరికి వేడెక్కి, టుడుంగ్ మని చప్పుడు చేసి డ్రైవ్ మాయమైపోతుంది, మళ్ళీ టిడింగ్ మని వస్తుంది. వచ్చేసరికి "డ్రైవ్‌లో సమస్య ఉంది, స్కాన్ చేయమంటారా" అని విండోస్ అడుగుతుంది. వాడు "బావా, కార్డు పోయినట్టుంది" అని ఫోన్ చేశాడు, పాపకి మొదటి పుట్టినరోజు ఫొటోలు అందులో. ఆ కార్డే తెచ్చి నా రీడర్‌లో పెడితే అన్నీ ఉన్నాయి. ఆరేడు వందలు మిగుల్చుకోవడానికి పడాల్సిన టెన్షన్ కాదది.

అలాంటి మెసేజ్ వచ్చినప్పుడు ఏం చేయాలంటే, స్కాన్ నొక్కకండి, ముందు కాపీ అవుతాయేమో చూడండి. "వాడాలంటే డిస్క్‌ని ఫార్మాట్ చేయాలి" అని వచ్చినా సరే క్యాన్సిల్ కొట్టేయండి. ఇంకో రీడర్‌లో, ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. నిజంగానే పోతే ట్రాన్సెండ్ వాళ్ళదే రికవర్‌ఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఫొటోరెక్ అని ఓపెన్ సోర్సుది ఇంకోటి ఉంది. రెండోది చూడ్డానికి నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, భయపెడుతుంది గానీ పనిలో గట్టిది, కాకపోతే ఫైళ్ళ పాత పేర్లు రావు. ఏది వాడినా తిరిగొచ్చిన ఫొటోలు అదే కార్డులోకి రాయించొద్దు, వేరే డిస్కులోకి తీసుకోండి. అప్పటిదాకా ఆ కార్డుతో ఒక్క ఫొటో కూడా తీయకండి.

కాపీ చేసే పద్ధతి ఎవరికి వాళ్ళకి ఉంటుంది, నాది చెప్తా. కార్డు బయటికి తీయగానే ఎడమవైపు ఉండే చిన్న తాళాన్ని కిందికి జరుపుతాను. అప్పుడు కార్డు చదవడానికి మాత్రమే పనికొస్తుంది, పొరపాటున డిలీట్ నొక్కినా పోదు, విండోస్ తన సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ ఫోల్డర్ని అందులో పెట్టడానికీ కుదరదు. తమాషా ఏంటంటే ఆ తాళం కార్డు లోపల దేనికీ కలిపి ఉండదు, ఒట్టి ప్లాస్టిక్ ముక్క. అది ఏ వైపు ఉందో రీడర్ లోపలి చిన్న స్విచ్ చూసి, రాయడం ఆపేస్తుంది. అందుకే నాసిరకం రీడర్లలో తాళం వేసినా రాసేస్తాయి. మైక్రో ఎస్‌డీ అడాప్టర్లలో ఆ ముక్క వదులైపోయి దానంతట అదే కిందికి జారి, కార్డు లాక్ అయిందని కెమెరా మొరాయిస్తుంది, అందుకే కెమెరాలో అడాప్టర్ వాడొద్దంటాను.

ఇంపోర్ట్ చేసే యాప్‌ల జోలికి పోను. కార్డులో ఫొటోలుండే డీసీఐఎమ్ ఫోల్డర్ తెరిస్తే లోపల 100డీ5600 అని ఉంటుంది, కానన్‌లో 100కానన్, సోనీలో 100ఎంఎస్‌డీసీఎఫ్ అన్నట్టు. ఆ ఫోల్డర్‌ని పట్టుకెళ్ళి "2024-12 ఉప్పలపాడు" లాంటి పేరున్న కొత్త ఫోల్డర్‌లో పడేస్తాను. సంవత్సరం ముందు, నెల తర్వాత రాస్తే పేరు ప్రకారం పేర్చినా తేదీ వరసలోనే వస్తాయి. ప్రతిసారీ కొత్త ఫోల్డర్ ఎందుకంటే, కెమెరా ఫైల్ నంబరు 9999 దాటితే మళ్ళీ 0001 నుంచి మొదలవుతుంది. మెనూలో ఫైల్ నంబర్ సీక్వెన్స్ ఆఫ్‌లో ఉంటే కార్డు ఫార్మాట్ చేసినప్పుడల్లా 0001కి వచ్చేస్తుంది. అన్నీ ఒకే ఫోల్డర్‌లో వేసేవాళ్ళకి అదే పేరున్న ఫైల్ ఉంది, రీప్లేస్ చేయమంటారా అని అడుగుతుంది, నిద్రమత్తులో ఎస్ కొట్టారా, పాత ఫొటో పోయినట్టే, ఎక్కడా దొరకదు. ఆ సెట్టింగ్ ఆన్ చేసి పెట్టుకోండి.

కట్ చేసి పేస్ట్ చేయడం అసలు వద్దు, కాపీనే. అయ్యాక రెండు ఫోల్డర్ల మీదా రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూస్తాను. ఫైళ్ళ సంఖ్య, పక్కన బ్రాకెట్లో ఉండే బైట్ల అంకె రెండూ అచ్చంగా కలవాలి. కింద "సైజ్ ఆన్ డిస్క్" అనేది కలవదు, కార్డు ఫార్మాట్ వేరు, హార్డ్‌డిస్క్ ఫార్మాట్ వేరు కాబట్టి, దాన్ని చూసి కంగారు పడకండి. ఇంకా అనుమానం ఉన్నవాళ్ళు టెరాకాపీ వాడొచ్చు, కాపీ అయ్యాక ఒక్కో ఫైల్‌ని మళ్ళీ చదివి సరిచూస్తుంది, సమయం కాస్త ఎక్కువ పడుతుంది. ఆ తర్వాత ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి ఇంకో కాపీ పడ్డాకే కార్డు కెమెరాలో పెట్టి, అక్కడే ఫార్మాట్ చేస్తాను. కంప్యూటర్‌లో చేస్తే ఏ ఫార్మాట్ ఎంచుకోవాలి అనే గొడవ, కెమెరాకైతే తనకి కావాల్సింది తనకి తెలుసు.

ఏరుకోవడానికి నికాన్ వాళ్ళ ఎన్ఎక్స్ స్టూడియో ఉచితమే, రంగులు కెమెరాలో చూసినట్టే వస్తాయి, కానీ నా పాత ల్యాప్‌టాప్‌లో బరువుగా నడుస్తుంది. వేలకొద్దీ ఫొటోలు చకచకా తిప్పడానికి ఫాస్ట్‌స్టోన్ ఇమేజ్ వ్యూయర్ హాయి.

రీడర్ తీసేటప్పుడు సేఫ్లీ రిమూవ్ నొక్కాలా అని మా ఫ్రెండ్స్ అడుగుతుంటారు. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10లో 1809 అనే అప్‌డేట్ నుంచి క్విక్ రిమూవల్ అనేదే డిఫాల్ట్ అయింది, కాబట్టి కాపీ పూర్తయ్యాక లాగేసినా సాధారణంగా ఏమీ కాదు. లైటు మిణుకుతున్నప్పుడు మాత్రం చెయ్యి పెట్టొద్దు. మ్యాక్ వాళ్ళు ఎజెక్ట్ చేసి తీరాలి.

ఎవరికి ఇది సరిపోదో కూడా చెప్పాలి. దీని ప్లగ్గు పాత పెద్ద టైప్-ఏ. మా మేనల్లుడు డల్లాస్‌లో ఉంటాడు, వాడి మ్యాక్‌బుక్‌లో అన్నీ టైప్-సీ కన్నాలే, వాడికి ఇది ఇస్తే ఇంకో కన్వర్టర్ కొనాల్సి వచ్చింది. మ్యాక్‌బుక్ ప్రోలో ఆపిల్ 2016లో ఎస్‌డీ స్లాటు తీసేసి, 2021లో 14, 16 అంగుళాల మోడళ్ళలో మళ్ళీ పెట్టింది, అవి ఉన్నవాళ్ళకి అసలు రీడర్ అవసరమే లేదు. మధ్యలో కొన్నవాళ్ళు, కొత్త సన్న ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్ళు టైప్-సీ ప్లగ్గు ఉన్న రీడరే తీసుకోండి, ఫోన్‌కి కూడా నేరుగా పెట్టుకోవచ్చు. కన్వర్టర్‌తో నా ఫోన్‌కి ఇది పెట్టి చూశాను, 64 జీబీ కార్డు కూడా చదివింది. అయితే 32 జీబీ దాటిన కార్డులన్నీ ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటాయి కాబట్టి కొన్ని పాత ఆండ్రాయిడ్ ఫోన్లు వాటిని గుర్తుపట్టవు. 2009కి ముందు కొన్న రీడర్లకీ అదే జబ్బు, అవి వచ్చేనాటికి ఎస్‌డీఎక్స్‌సీ (32 జీబీ దాటిన) కార్డులే లేవు. సీఎఫ్ (కాంపాక్ట్‌ఫ్లాష్) కార్డులు, కొత్త సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ వాడేవాళ్ళకి దీంతో పనే లేదు, వాటి రీడర్లు వేరు, ధరలు కూడా వేరే లోకం.

ల్యాప్‌టాప్‌లోనే ఎస్‌డీ స్లాటు ఉందిగా, మళ్ళీ ఇదెందుకు అంటారా? ముందు దాంట్లో ఒక పెద్ద వీడియో కాపీ చేసి వేగం చూడండి. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో ఆ స్లాటు లోపల యూఎస్‌బీ 2.0కే కలిపి ఉండటం మామూలే. 80 పైన వస్తుంటే ఏమీ కొనొద్దు.

నేను కొన్నప్పుడు ఎనిమిది వందల లోపే పడింది, ఇప్పుడు ఆన్‌లైన్‌లో రోజుకో ధర చూపిస్తోంది. హైదరాబాద్ వెళ్ళే పని ఉంటే సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) అడగండి, మీ కార్డు జేబులో పెట్టుకెళ్ళి, అక్కడే వాళ్ళ ల్యాప్‌టాప్‌లో పెట్టించి, ఒక జీబీ ఫైల్ కాపీ చేయించి చూసుకుని బిల్లు తీసుకోండి.